తారాజువ్వ యుద్ధానికి వెళ్ళింది

పిల్లలూ! దీపావళి రాత్రి తారాజువ్వ వెలిగించడం మీలో చాలామందికి సరదాయే కదా! ఖాళీ సీసాలో పుల్ల దోపి, వత్తికి నిప్పంటించి వెనక్కి పరుగెత్తుతారు. జుయ్యిమంటూ అది ఆకాశంలోకి లేచిపోతుంది. ఎప్పుడైనా సీసా పక్కకు ఒరిగిందా, ఇక చెప్పక్కరలేదు! ఎదురింటి అరుగు మీదికో, దొడ్లో గడ్డివాము మీదికో దూసుకుపోతుంది. పెద్దవాళ్ళ చేత చీవాట్లు తప్పవు.

ఆ తారాజువ్వను వెలిగించకముందు ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? మందు కూరిన గొట్టం మీ వేలంత ఉంటే దాని పుల్ల మూరెడు ఉంటుంది. ఎందుకంత పొడవు పుల్ల? పుల్ల విరిగిపోయిన తారాజువ్వ పైకి పోకుండా నేలమీద గిరికీలు ఎందుకు కొడుతుంది? ఇంకొక ప్రశ్న. ఆ గొట్టం కాగితంతో కాకుండా ఇనుముతో చేస్తే ఏమవుతుంది?

ఈ చివరి ప్రశ్నకు సుమారు రెండున్నర శతాబ్దాల కిందట మైసూరు కమ్మరులు జవాబు చెప్పారు. ఆ జవాబు ఒక యుద్ధంలో భయంకరంగా వినిపించింది. ఆ యుద్ధానికి వచ్చిన దండు ఒకటి మన గుంటూరు నుంచే బయలుదేరింది. కాబట్టి మనమూ అక్కడినుంచే మొదలుపెడదాం.

గుంటూరు నుంచి కంచి దారి

1780లో మైసూరు రాజ్యాన్ని హైదరాలీ ఏలుతున్నాడు. మద్రాసులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పాతుకుపోయి ఉంది. ఇద్దరికీ పొసగదు. ఆ సంవత్సరం జూలైలో హైదరాలీ ఎనభై, తొంభై వేల సైన్యంతో కనుమలు దిగి ఆర్కాటు నవాబు రాజ్యం మీద పడ్డాడు. ఆ నవాబు కంపెనీకి కావలసినవాడు.

కంపెనీ సైన్యం అప్పుడు ఒకచోట లేదు. ఒక దండు మద్రాసు దగ్గర ఉంది. దాని నాయకుడు సర్ హెక్టర్ మన్రో. 1764లో బక్సారు యుద్ధం గెలిచి పేరు తెచ్చుకున్నవాడు. మరొక దండు గుంటూరు సర్కారులో ఉంది. దానికి కర్నల్ విలియం బెయిలీ నాయకుడు. రెండు దండులూ కంచిలో కలుసుకోవాలని నిర్ణయించారు. కలిసి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

బెయిలీ దండు దక్షిణంగా నడిచి నడిచి ఆగస్టు 25న కొర్తలయ్యారు ఒడ్డుకు చేరింది. ఇది మద్రాసుకు ఉత్తరాన సముద్రంలో కలిసే చిన్న ఏరు. ఆ సాయంత్రం ఏటిలో నీళ్ళు పెద్దగా లేవు. అప్పుడే దాటేసి ఉండవచ్చు. బెయిలీ మాత్రం ఇవతలి ఒడ్డునే గుడారాలు వేయించాడు. రాత్రికి రాత్రే ఏరు పొంగింది! అది తీసి, దండు దాటేసరికి వారం రోజులు దాటిపోయాయి. యుద్ధాల చరిత్ర చదువుతుంటే ఫిరంగుల కంటె వానలే ఎక్కువ సైన్యాలను ఆపాయేమో అనిపిస్తుంది.

ఈలోగా హైదరాలీ తన కొడుకు టిప్పును ఆ దారి కాయడానికి పంపాడు. సెప్టెంబరు 6న పెరంబాకం అనే ఊరి దగ్గర టిప్పు దాడి చేశాడు. బెయిలీ తట్టుకున్నాడు గాని ముందుకు కదలలేకపోయాడు. అప్పటికి మన్రో కంచికి చేరి ఉన్నాడు. ఇద్దరికీ మధ్య ఒక్కరోజు నడక దూరం. అయినా మన్రో తాను కదలలేదు. కర్నల్ ఫ్లెచర్ వెంట వెయ్యిమందిని మాత్రం సాయం పంపాడు. వాళ్ళను కూడా కలుపుకుంటే బెయిలీ దగ్గర సుమారు 3,800 మంది అయ్యారు.

ఈ 3,800 మందీ తెల్లవాళ్ళే అనుకునేరు! చాలామంది మన దేశపు సిపాయిలే. ఉత్తరాదిన ఆ రోజుల్లో కంపెనీ సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారు. మొదట్లో కంపెనీ కొలువులో చేరిన తెలుగు తీరపు సిపాయిల వల్ల ఆ పేరు వచ్చింది. అటు హైదరాలీ వైపు ఉన్నదీ మన దేశస్థులే. ఈ యుద్ధంలో ఎవరు గెలిచినా చచ్చిపోయేవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే అన్నమాట.

సెప్టెంబరు 10 తెల్లవారేసరికి బెయిలీ దండు పొల్లిలూరు దగ్గర ఉంది. ఈ ఊరికి యుద్ధాలు కొత్త కాదు. చాళుక్య పులకేశి, పల్లవ మహేంద్రవర్మ ఏడో శతాబ్దంలో పోరాడింది కూడా ఇక్కడే. బెయిలీకి ఒకవైపు టిప్పు ఫిరంగులు, చెట్ల చాటునుంచి. కాసేపటికి మరొకవైపు హైదరాలీ సైన్యమంతా దిగింది. సిపాయిలు నాలుగు పక్కలా వరుసలు కట్టి, మందుగుండు బండ్లను మధ్యలో పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ మీదికి గుండ్లతోబాటు నిప్పులు కక్కుతూ ఇనుప తారాజువ్వలు వచ్చిపడ్డాయి.

ఇంతలో మధ్యలో ఉన్న మందుగుండు బండ్లు పేలిపోయాయి. రాకెట్టు తగిలే పేలాయని కొందరు చరిత్రకారులు, ఫిరంగిగుండు తగిలి పేలాయని మరికొందరు అంటారు. ఏది తగిలినా ఒకటే. బెయిలీ ఫిరంగులకు ఇక మందు లేదు. మైసూరు గుర్రపుదళం మళ్ళీ మళ్ళీ వచ్చి మీదపడింది. చివరికి బెయిలీ లొంగిపోయాడు. దండులో చాలామంది అక్కడే చనిపోయారు. మిగిలినవాళ్ళను శ్రీరంగపట్టణానికి తీసుకుపోయారు. బెయిలీ 1782లో అక్కడే ఖైదులో కన్నుమూశాడు. సంగతి తెలిసిన మన్రో తన పెద్ద ఫిరంగులను కంచి గుడి కోనేటిలో పారవేయించి మద్రాసుకు వెనుదిరిగాడు.

మరి ఈ యుద్ధాన్ని రాకెట్లే గెలిపించాయా? అలా రాసిన పుస్తకాలూ ఉన్నాయి. నాకు మాత్రం అది అతిశయోక్తిగానే తోస్తుంది. బెయిలీని చుట్టుముట్టిన సైన్యం అతని సైన్యానికి ఎన్నో రెట్లు. ఏరు ఆపింది. మన్రో రాలేదు. రాకెట్లు లేకపోయినా బెయిలీ ఓడిపోయేవాడేమో! కాని ఆ రోజు బతికి బయటపడినవాళ్ళు ఆ నిప్పుల గొట్టాలను మరచిపోలేదు. ఐరోపా సైన్యాల దగ్గర అప్పుడు అలాంటివి లేవు. ఎందుకని? వాళ్ళకు రాకెట్టు తెలియదా?

గొట్టంలో ఉంది కిటుకు

తెలియకేం! రాకెట్టు చైనాలో పుట్టి, అరబ్బుల ద్వారా ఐరోపాకు ఎన్నడో చేరింది. కాని అక్కడ ఫిరంగులు బాగుపడిన కొద్దీ రాకెట్టు పండుగల బాణసంచాగా మిగిలిపోయింది. గొట్టం కాగితంతోనో అట్టతోనో చేసేవారు. మైసూరులో గొట్టాన్ని మెత్తని ఇనుపరేకును సుత్తితో సాగగొట్టి చేశారు. తేడా అంతా ఇందులోనే ఉంది.

రాకెట్టు ఎలా కదులుతుందో ముందు చూద్దాం. ఒక రబ్బరు బుడగను బాగా ఊది మూతి వదిలేయండి. గాలి వెనక్కి పోతుంది, బుడగ ముందుకు పోతుంది. చర్యకు సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ చెప్పిన సూత్రం ఇదే. బయటికి వచ్చిన వాయువు వెనకనున్న గాలిని తన్నడం వల్ల రాకెట్టు ముందుకు పోతుందని కొందరు పొరపడుతుంటారు. అది నిజం కాదు. గాలే లేని చోట కూడా రాకెట్టు పోతుంది. లేకపోతే చంద్రుడి దగ్గరకు ఎలా వెళ్ళగలిగేవాళ్ళం?

తారాజువ్వలో గాలికి బదులు తుపాకీమందు ఉంటుంది. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరినదే ఈ మందు. సూరేకారాన్ని మనవాళ్ళు పెట్లుప్పు అని కూడా అంటారు. బొగ్గూ గంధకమూ మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇది ఇస్తుంది. అందుకే మూసిన గొట్టంలో కూడా మందు మండుతుంది. మండినప్పుడు పుట్టే వేడి వాయువులకు వెనక ఉన్న చిన్న రంధ్రం ఒక్కటే దారి. అందులోంచి తోసుకుంటూ వేగంగా బయటపడతాయి.

లోపల పీడనం ఎంత ఎక్కువైతే వాయువు అంత బలంగా చిమ్ముతుంది. ఇంకొక చిత్రం కూడా ఉంది. పీడనం పెరిగితే మందు మండే వేగమూ పెరుగుతుంది. కాబట్టి బలమైన రాకెట్టు కావాలంటే ఎక్కువ పీడనాన్ని ఓర్చుకునే గొట్టం కావాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. గొట్టం 5 సెంటీమీటర్ల వ్యాసం, 20 సెంటీమీటర్ల పొడవు ఉందనుకోండి. లోపల పీడనం బయటి గాలి పీడనానికి పది రెట్లు ఎక్కువ ఉందనుకుందాం. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 10 కిలోల బరువు పెట్టినట్టు. ఇప్పుడు గొట్టాన్ని నిలువునా రెండు బద్దలుగా చీల్చాలని ఆ పీడనం ఎంత బలంతో ప్రయత్నిస్తుంది? వ్యాసాన్ని పొడవుతో గుణించండి. 5 × 20 = 100 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 10తో గుణిస్తే 1,000 కిలోలు. ఒక టన్ను! మీ అరచేతిలో ఇమిడే గొట్టాన్ని చీల్చడానికి లోపలినుంచి ఒక టన్ను బలం పనిచేస్తోందన్నమాట. పైగా మంట. కాగితాన్ని ఎంత మందంగా చుట్టినా లోపలి పొరలు మాడుతూ పోతాయి. వానాకాలం తేమకు మెత్తబడతాయి. బండిలో వేసి పది ఆమడలు తిప్పితే నలుగుతాయి. ఇనుముకు ఈ బాధలేవీ లేవు. దానిలో మందును గట్టిగా దట్టించవచ్చు కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ ఇనుప గొట్టంలో గాని, డబ్బాలో గాని మందు కూరే ప్రయత్నం చేయకూడదు. పైన వేసిన లెక్క మరోసారి చూడండి. గొట్టంలో సన్నని పగులు ఒక్కటున్నా, ఆ టన్ను బలం ఇనుమును ముక్కలు చేసి మీ కళ్ళలోకి విసురుతుంది. మైసూరు సైన్యంలో కూడా తమ రాకెట్టు తామే పేలి గాయపడినవాళ్ళు ఉండే ఉంటారు. ప్రయోగం చేయాలనుంటే బుడగ చాలు.

పుల్ల సంగతి

ఇప్పుడు పుల్ల దగ్గరకు వద్దాం. ఒక కొబ్బరి ఈనె తీసుకుని ఒక చివర చిన్న మట్టిముద్ద అంటించండి. ముద్ద ముందు ఉండేటట్టు విసరండి. తిన్నగా పోతుంది. ముద్ద వెనక ఉండేటట్టు విసరండి. గాలిలోనే తిరగబడి, ముద్ద ముందుకు వస్తుంది. ఎందుకు? దాని గరిమనాభి ముద్దకు దగ్గరగా ఉంటుంది. గాలి తగిలేది మాత్రం పొడవాటి ఈనెకు. ఏ కాస్త పక్కకు తిరిగినా గాలి ఆ తోకను వెనక్కి నెట్టి సరిచేస్తుంది. బాణానికి ఈకలు కట్టేది ఇందుకే.

మైసూరు రాకెట్లు రెండు ఇంగ్లండులోని ఊల్విచ్ సంగ్రహాలయానికి చేరాయి. విమాన శాస్త్రంలో పేరుపొందిన మన శాస్త్రజ్ఞుడు రొద్దం నరసింహ 1985లో రాసిన వ్యాసంలో వాటి కొలతలు ఇచ్చారు. ఒకదాని గొట్టం పొడవు 198 మిల్లీమీటర్లు, వ్యాసం 37. దానికి తోలుపట్టీలతో కట్టిన వెదురుబొంగు పొడవు 1.9 మీటర్లు. గొట్టానికి దాదాపు పదింతలు! రెండోదాని గొట్టం పొడవు 254 మిల్లీమీటర్లు, వ్యాసం 58. దానికి వెదురుకు బదులు కట్టినది ఏమిటో ఊహించండి చూద్దాం. మీటరు పొడవున్న తిన్నని కత్తి! అది తోకా అవుతుంది, పడిన చోట ఆయుధమూ అవుతుంది.

రాకెట్టుకు ఇంకొక లాభం ఉంది. ఫిరంగి పేలినప్పుడు గుండు ముందుకు పోతే ఫిరంగి వెనక్కి తన్నుతుంది. ఆ తన్నును ఓర్చుకోవాలంటే బరువైన గొట్టం, బండి, వాటిని లాగే ఎడ్ల బారులు కావాలి. రాకెట్టు వాయువును మాత్రమే వెనక్కి తన్నుతుంది. దాన్ని వెలిగించినవాడికి తన్ను తగలదు. కాబట్టి ఒక్క మనిషి కొన్ని రాకెట్లు వీపున కట్టుకుని, ఎడ్లు పోలేని పొలంగట్ల మీద కూడా పరుగెత్తగలడు. హైదరాలీ కాలంలో 1,200 మంది ఉన్న రాకెట్టు దళం టిప్పు కాలానికి 5,000 మంది అయిందని చెబుతారు. గొట్టం వ్యాసాన్నీ, శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుని, ఏ కోణంలో వదలాలో వాళ్ళకు నేర్పేవారు. కిలోమీటరు దూరం వరకు అవి పోయేవి.

అన్నీ గొప్పలేనా అంటే కాదు. గురి చాలా తక్కువ. ఎదురుగాలి గాని పక్కగాలి గాని వీస్తే, పొడవాటి తోకను గాలి నెట్టడం వల్ల రాకెట్టు ముక్కు గాలి వచ్చే వైపే తిరుగుతుంది. మందు ఇంకా మండుతూ ఉంటే అటే పోతుంది. ఒక్కడిని గురిచూసి కొట్టడానికి అది పనికిరాదు. గుంపు మీదికి, ముఖ్యంగా గుర్రాల గుంపు మీదికి గుంపుగా వదిలితేనే ప్రయోజనం. మనిషికి ధైర్యం చెప్పి నిలబెట్టవచ్చు. బుసకొడుతూ కాళ్ళ మధ్యకు వచ్చే నిప్పును చూసి గుర్రాన్ని నిలబెట్టడం ఎవరి తరం?

1799 ఏప్రిల్ 5 రాత్రి శ్రీరంగపట్టణం దగ్గర సుల్తాన్‌పేట తోపులో చీకట్లో చొరబడబోయిన ఒక కర్నల్ ఈ రాకెట్ల, తుపాకుల దెబ్బకు దారి తప్పి వెనక్కి రావలసివచ్చింది. అతని పేరు ఆర్థర్ వెల్లెస్లీ. పదహారేళ్ళ తరువాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువు ఆయనే! అయితే మరునాడు తెల్లవారాక అదే తోపును కంపెనీ సైన్యం సులభంగా పట్టుకుంది. మే 4న కోట పడిపోయింది. టిప్పు సుల్తాన్ పోరాడుతూ చనిపోయాడు. కోటలో 600 రాకెట్టు ప్రయోగ సాధనాలు, సిద్ధంగా ఉన్న 700 రాకెట్లు, ఇంకా మందు కూరని 9,000 గొట్టాలు దొరికాయి.

ఊల్విచ్‌లో జరిగింది

కొన్ని రాకెట్లను ఇంగ్లండుకు తీసుకుపోయారు. ఊల్విచ్ ఆయుధశాలలో విలియం కాంగ్రీవ్ అనే ఆయన 1804లో రాకెట్ల మీద పని మొదలుపెట్టాడు. ముందు లండనులో దొరికే పెద్ద బాణసంచా రాకెట్లు తెచ్చి కాల్చి చూశాడు. అవి మైసూరు రాకెట్లు పోయే దూరంలో సగం కూడా పోలేదు. మందు పాళ్ళు మార్చాడు. రంధ్రం మార్చాడు. ఇనుప గొట్టం పట్టుకున్నాడు. ప్రతిసారీ ఎంత దూరం పోయిందో కొలిచి రాసుకున్నాడు. కొద్ది సంవత్సరాల్లోనే 3,000 గజాలు పోయే రాకెట్టు తయారయింది. 1807లో తన పద్ధతినంతా పుస్తకంగా అచ్చు వేశాడు.

ఆ ఏడాదే కోపెన్‌హేగన్ నగరం మీద ఇంగ్లీషు సైన్యం బాంబులతోబాటు ఈ రాకెట్లను కూడా కురిపించింది. ఊరిలో చాలాభాగం తగలబడింది. యుద్ధంతో సంబంధంలేని జనం ఎందరో చనిపోయారు. 1814లో అమెరికాలో బాల్టిమోర్ కోట మీద ఇవే రాకెట్లు పడ్డాయి. అమెరికా జాతీయగీతంలో వచ్చే రాకెట్ల ఎర్రని వెలుగు ఇదే.

మైసూరు కమ్మరి చేతిపని కాంగ్రీవ్ పనికి తీసిపోయినది కాదు. మరి ముందుకు సాగింది ఊల్విచ్ ఎందుకయింది? అక్కడ అప్పటికే కొలిచి చూసే అలవాటు ఉంది. తుపాకీగుండు వేగాన్ని లోలకంతో కొలిచే ఉపాయాన్ని బెంజమిన్ రాబిన్స్ 1742లోనే పుస్తకంలో వివరించాడు. విచిత్రమేమిటంటే ఈ రాబిన్స్ కంపెనీ కోటలు బాగుచేయడానికి మద్రాసు వచ్చి, 1751లో ఈ తీరంలోనే జ్వరంతో చనిపోయాడు. హైదరాలీ రాజ్యానికి రాకముందు పదేళ్ళ కిందటి మాట. ఆయన పుస్తకం ఐరోపాలో గణితజ్ఞులందరి చేతుల్లో తిరిగింది. మైసూరు కమ్మరి మాత్రం తన కిటుకును తన కొడుకుకు చెప్పి ఉంటాడు. కోట పడిపోయి ఆ పని ఆగిపోయాక ఆ కొడుకు కొలిమిలో కొడవళ్ళు చేసుకుని ఉంటాడు. అచ్చయిన పుస్తకానికి ఆ బాధ లేదు.

పొల్లిలూరు యుద్ధాన్ని చూడాలనుకుంటే శ్రీరంగపట్టణంలో టిప్పు 1784లో కట్టించిన దరియాదౌలత్ మహలు గోడ మీద చూడవచ్చు. బెయిలీ పల్లకిలో కూర్చుని ఉంటాడు. చుట్టూ సిపాయిల చదరం, మధ్యలో పేలుతున్న మందుగుండు బండి. 1963లో మన శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం రాకెట్ల పని నేర్చుకోవడానికి అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి వాలప్స్ కేంద్రంలో గోడమీద ఒక చిత్రాన్ని చూశారు. రాకెట్లు వదులుతున్న టిప్పు సైనికులు అందులో ఉన్నారు. ఆ సంగతి ఆయన తన ఆత్మకథలో రాశారు.

అసలు రాకెట్లనే చూడాలంటే కర్ణాటకలోని శివమొగ్గ వెళ్ళాలి. ఆ జిల్లాలో నగర అనే ఊరుంది. హైదరాలీ అక్కడ టంకసాలా ఆయుధశాలా పెట్టించాడు. 2002లో ఆ ఊరి బావి ఒకదానిలో నూరుకు పైగా తుప్పుపట్టిన ఇనుప గొట్టాలు దొరికాయి. అవేమిటో వెంటనే ఎవరికీ తెలియలేదు. మళ్ళీ 2018 జూలైలో ఒక ఎండిన బావిని పురావస్తు శాఖవారు మూడు రోజులపాటు తవ్వితే వెయ్యికి పైగా బయటపడ్డాయి. తవ్వుతుండగా పైకి వచ్చిన బురద తుపాకీమందు వాసన వేసిందట!